గొలుసు గుంజాలా, ముక్క పెట్టాలా?

పిలిస్తే రావాలి. కూర్చోమంటే కూర్చోవాలి. పడుకోమంటే పడుకోవాలి. ఉండమంటే మళ్ళీ చెప్పేదాకా కదలకూడదు. నోట పట్టింది వదలమంటే వదలాలి. గొలుసు బిగుసుకోకుండా పక్కన నడవాలి. ఇంట్లో పెంచే కుక్కకు రావలసిన చదువు ఈ ఆరు పాఠాలేనన్నంత వరకు హెడ్డుగారికీ డాక్టరమ్మకీ పేచీ లేదు. ఆ ఆరూ ఎలా నేర్పాలన్న దగ్గరే ఇద్దరికీ పడదు.

హెడ్డుగారు పోలీసు డాగ్ స్క్వాడ్‌లో రిటైరైన హెడ్ కానిస్టేబుల్. హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్ దగ్గరున్న అకాడమీలో కుక్కతోపాటు తనూ శిక్షణ పొంది, సర్వీసంతా బాంబుల్ని పసిగట్టే లాబ్రడార్లతో గడిపారు. డాక్టరమ్మ పశువైద్యురాలు, కూకట్‌పల్లిలో చిన్న క్లినిక్ నడుపుతారు. ఇద్దరిదీ ఒకటే అపార్ట్‌మెంట్. అదే అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో సింబా ఉంటుంది. ఎనిమిది నెలల లాబ్రడార్. లిఫ్టులో ఎవరు కనిపించినా భుజాల మీదికి ఎక్కేస్తోంది. ఫిర్యాదులు ఎక్కువై అసోసియేషన్ వాళ్ళు వీళ్ళిద్దరినీ పిలిచారు. ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే, టెర్రస్ మీద పంచాయితీ మొదలైంది.

"చూడండి డాక్టరమ్మా, ఇందులో పెద్ద మర్మమేం లేదు," అన్నారు హెడ్డుగారు, చేతిలో ఉన్న చోక్ చైన్ సవరించుకుంటూ. "కూర్చో అనాలి. అంటూనే గొలుసు పైకి ఒక్క గుంజు గుంజాలి. రెండో చేత్తో నడుం మీద నొక్కాలి. కూర్చుందా, వెంటనే గొలుసు వదులు చేసి శభాష్ అని వీపు తట్టాలి. కూర్చుంటే సుఖం, కూర్చోకపోతే కష్టం. రెండు రోజుల్లో తెలుసుకుంటుంది. నేను కుక్కను కొట్టే మనిషిని కాను. గుంజడం వేరు, కొట్టడం వేరు."

ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. జర్మనీ పోలీసు అధికారి కాన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన శిక్షణ పుస్తకంలోనే దీని మూలాలున్నాయి. తప్పుకు వెంటనే నొప్పి, ఒప్పుకు వెంటనే మెప్పు, రెండింటిలోనూ క్షణం కూడా జాప్యం ఉండకూడదన్నది ఆయన సూత్రం. అమెరికాలో డిస్నీ సినిమాల కుక్కలకు తర్ఫీదిచ్చిన విలియం కేలర్ 1962లో తెచ్చిన పుస్తకం ఇదే బాణీని మామూలు ఇళ్ళకు చేర్చింది. 1980లో బీబీసీ టీవీలో బార్బరా వుడ్‌హౌస్ అనే పెద్దావిడ పాఠాలు చెబుతుంటే బ్రిటన్ అంతా చూసింది. ఆవిడ చేతిలోనూ చోక్ చైనే ఉండేది.

డాక్టరమ్మ జవాబు చెప్పకుండా సంచిలోంచి చిన్న డబ్బా తీశారు. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన చికెన్, ఒక్కో ముక్కా శనగగింజంత. ఒక ముక్క సింబా ముక్కు ముందు పట్టి, మెల్లగా దాని నెత్తి మీదుగా వెనక్కి జరిపారు. ముక్క వెంటే తల పైకి లేచింది. తల లేచేసరికి వెనకభాగం దానంతటదే కిందికి దిగింది. నేల తాకిన క్షణంలో ఆవిడ "ఎస్" అన్నారు, ముక్క నోట్లో పెట్టారు. అలా నాలుగుసార్లు చేశాక అయిదోసారి ఉత్త చేత్తో అదే సైగ చేశారు. సింబా కూర్చుంది. ముక్క ఈసారి రెండో చేతిలోంచి వచ్చింది.

"నేను దాన్ని ముట్టుకోలేదు, గమనించారా?" అన్నారు. "ఇంకా కూర్చో అన్న మాట కూడా వాడలేదు. పని సైగకు ఖాయంగా జరుగుతున్నాక, సైగకు అర సెకను ముందు మాట అంటాను. అప్పుడు మాటకు అర్థం పుడుతుంది. కుక్క నించొని ఉండగా పదిసార్లు కూర్చో కూర్చో అని అరిస్తే దాని దృష్టిలో ఆ మాట ఉత్త చప్పుడే."

హెడ్డుగారు నవ్వారు. "అది కూర్చుంది మీ మాటకి కాదమ్మా, ముక్కకి. డబ్బులు పంచితే మీటింగుకి జనం రారా? పంచడం ఆపాక ఎంతమంది వస్తారో చూడాలి. రేపు రోడ్డు మీద పిల్లి కనిపిస్తుంది. అప్పుడు దానికి మీ చికెన్ కనిపించదు."

"నిజమే, ముక్క చేతిలోనే ఉంచుకుని ఆర్నెల్లు ఆడిస్తే మీరన్నట్టే అవుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు, తర్వాత పద్ధతిని తిడతారు. అందుకే అయిదోసారికే చెయ్యి ఖాళీ చేశాను. మొదట్లో ప్రతిసారీ పెట్టాలి. పని కుదురుకున్నాక ఒకసారి పెట్టి, రెండుసార్లు మానేయాలి. తర్వాత ఎప్పుడొస్తుందో దానికి అంచనా అందకుండా ఇవ్వాలి. అప్పుడు మరింత పట్టుదలగా చేస్తుంది. స్కిన్నర్, ఫెర్‌స్టర్ కలిసి 1957లో వేసిన పుస్తకం నిండా పావురాల మీద కొలిచిన లెక్కలు ఇవే. అయినా బహుమానం అంటే తిండే కానక్కర్లేదు. షికారుకు తలుపు తీసేముందు కూర్చోమంటే, తలుపు తెరుచుకోవడమే బహుమానం."

ఆవిడ దారి ప్రయోగశాలల్లోంచి వచ్చింది. 1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పెట్టెల్లో పెట్టిన పిల్లులు, తలుపు గడియ తీసే పనిని కొద్దికొద్దిగా తొందరగా చేయడం నేర్చుకున్నాయి. ఫలితం బాగున్న పని మళ్ళీ జరుగుతుందని ఆయన తేల్చాడు. 1951లో బి.ఎఫ్. స్కిన్నర్ ఒక సైన్స్ పత్రికలో, పిల్లలు టక్కుమని మోగించే చిన్న ఆటబొమ్మతో కుక్కకు పాఠం ఎలా చెప్పవచ్చో మామూలు పాఠకులకు వివరించాడు. ఆయన శిష్యులు కెల్లర్, మరియన్ బ్రెలాండ్ దంపతులు అప్పటికే దాన్ని వ్యాపారంగా పెట్టి కోళ్ళకూ పందులకూ విద్యలు నేర్పుతున్నారు. హవాయిలో డాల్ఫిన్లకు తర్ఫీదిచ్చిన కేరెన్ ప్రయర్ 1984లో రాసిన పుస్తకం ఈ పద్ధతిని కుక్కల పెంపకందార్ల దగ్గరికి తెచ్చింది. నీళ్ళలో ఈదే డాల్ఫిన్ మెడకు గొలుసు వెయ్యలేరు. నచ్చకపోతే అది దూరంగా వెళ్ళిపోతుంది. బలవంతం అసలు సాధ్యంకాని చోట పండిన విద్య ఇది.

"ఒక సంగతి చెప్పండి హెడ్డుగారూ," అన్నారు డాక్టరమ్మ. "మీ స్క్వాడ్ కుక్క సూట్‌కేసులో పేలుడు మందు వాసన పట్టేది. ఎందుకు పట్టేది? గొలుసుకు భయపడా?"

"బంతి కోసం," అన్నారాయన వెంటనే. "వాసన దొరికితే కదలకుండా కూర్చోవాలి. కూర్చుంటే బంతి. దానికి అదే లోకం. బంతి పిచ్చి లేని పిల్లను మేం అసలు ఎంపికే చెయ్యం."

"మరి?"

"మరి ఏం లేదు. మీరు రెంటినీ కలిపేస్తున్నారు. వాసన పట్టమని కుక్కను ఎవడూ బలవంతం చెయ్యలేడు, ముక్కు దానిది. అక్కడ ఆశ పెట్టాలి. ఆగమంటే ఆగడం ముక్కు పని కాదు, అది క్రమశిక్షణ. ఇష్టమైతే ఆగి, లేకపోతే మానేస్తానంటే డ్యూటీలో కుదరదు. ప్లాట్‌ఫాం మీద వందల మంది జనం. నేను ఉండు అంటే అది ఉండాలి, అంతే. ఆ గ్యారంటీ నాకు గొలుసు ఇచ్చింది."

పాత శిక్షకుల్లో బలంగా ఉన్న నమ్మకం ఇది. దీనికి లెక్కలతో జవాబు వెతికిన వాళ్ళున్నారు. పిలిచినా రాని 63 కుక్కలను బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు షాక్ కాలర్‌తో, ఆ కాలర్లలో ఆరితేరినవాళ్ళే నేర్పారు. మరో గుంపుకు అదే శిక్షకులు కాలర్ వాడకుండా నేర్పారు. మూడో గుంపుకు బహుమానాలతో నేర్పే శిక్షకులు నేర్పారు. 2020లో వచ్చిన ఫలితాల్లో షాక్ వల్ల అదనంగా ఒరిగిందేమీ కనిపించలేదు. బహుమానం మీద నేర్చినవే చప్పున మాట విన్నాయి. అదే ఏడాది పోర్చుగల్‌లో ఏడు శిక్షణ కేంద్రాల్లోని 92 ఇంటి కుక్కలను పరిశీలించారు. గొలుసు గుంజే, గద్దించే కేంద్రాల కుక్కలు పెదాలు నాకడం, ఆవలించడం, ఒళ్ళు ముడుచుకోవడం ఎక్కువగా చేశాయి. శిక్షణ అయ్యాక వాటి లాలాజలంలో ఒత్తిడికి గుర్తయిన కార్టిసాల్ కూడా పెరిగింది. వేల్స్ అయితే అంతకు పదేళ్ళ ముందే, 2010లోనే షాక్ కాలర్లను నిషేధించింది.

హెడ్డుగారు అంత తేలిగ్గా లొంగలేదు. "షాక్ కాలర్ మాట నా దగ్గర ఎత్తకండి, దాన్ని నేనెప్పుడూ ముట్టలేదు. రిమోట్ నొక్కేవాడికి కుక్క కళ్ళలోకి చూడాల్సిన పని కూడా ఉండదు. ఇక ఆవలింతలంటారా, కొత్త పాఠం మొదలెడితే కుర్రాళ్ళు కూడా ఆవలిస్తారు. కొంచెం ఒత్తిడి లేకుండా ఏ చదువు వచ్చింది?"

"ఒత్తిడి కొంచెమా ఎక్కువా అన్నది ఎవరు కొలుస్తారు? మీరు ఏళ్ళ తరబడి చేశారు కాబట్టి మీ చేతికి లెక్క తెలుసు. గుంజిన మరుక్షణం వదులుతారు. ఇంట్లో వాళ్ళకి ఆ లెక్క తెలియదు, గొలుసు బిగించి పట్టుకునే నడుస్తారు. వాళ్ళు నా క్లినిక్‌కి వస్తారు. ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి పొమరేనియన్లు, పగ్‌లు. పొమరేనియన్ శ్వాసనాళం పుట్టుకతోనే బలహీనం. మెడ పట్టీ లాగితే దగ్గు మొదలై ఇక తగ్గదు. పగ్‌కి కళ్ళు ముందుకే ఉంటాయి. మెడ మీద పట్టీ బిగుసుకుంటే కంట్లో ఒత్తిడి పెరుగుతుందనీ, ఛాతీకి వేసే హార్నెస్‌తో అలా పెరగదనీ 2006లోనే కొలిచి చూపించారు."

"పొమరేనియన్‌కి చోక్ చైన్ వేసేవాణ్ణి నేనూ తంతాను," అన్నారు హెడ్డుగారు. ఆ ఒక్క మాట దగ్గర ఇద్దరూ కలిశారు.

మళ్ళీ విడిపోవడానికి అట్టే సేపు పట్టలేదు. ఇంట్లో పెద్ద ఎవరో కుక్కకు తెలియాలన్నారు హెడ్డుగారు. తోడేళ్ళ గుంపుకు నాయకుడుంటాడు. కుక్క తోడేలు వంశం. మనం నాయకులం కాకపోతే అదే నాయకుడవుతుంది. అందుకే మన తర్వాతే అన్నం, మన తర్వాతే గుమ్మం దాటడం.

ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో డాక్టరమ్మకు బాగా తెలుసు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో ఎన్‌క్లోజర్‌లో ఉన్న తోడేళ్ళను చూసి గుంపులో పెత్తనం గురించి రాశాడు. 1970లో డేవిడ్ మీచ్ తన తోడేళ్ళ పుస్తకంలో ఆ మాటనే అందుకున్నాడు. తర్వాత ఆయనే కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్ళను ఏటా వేసవిలో దగ్గర్నుంచి గమనించాడు. గుంపు అంటే సాధారణంగా అమ్మ, నాన్న, పిల్లలేనని, కుస్తీపట్టి గెలిచిన నాయకుడంటూ అక్కడ ఉండడని 1999లో రాశాడు. తన పాత పుస్తకం ఇక అచ్చువేయవద్దని ప్రచురణకర్తనే అడిగాడు. సమాచారమంతా ఆవిడ రెండు వాక్యాల్లో చెప్పేసి, "సింబా మీ మీద పెత్తనానికి ఎగబడడం లేదు, మీ మొహం నాకడానికి ఎగబడుతోంది," అన్నారు.

"సరే, తోడేలు సంగతి వదిలేయండి. తప్పు చేస్తే దానికి తెలుసా లేదా? చెప్పు కొరికిన రోజు ఇంట్లోకి అడుగుపెడితే చాలు, చెవులు వాల్చి, చూపు తిప్పుకుని మూలకి నక్కుతుంది. తెలియకపోతే ఎందుకలా నక్కుతుంది?"

ఈ ప్రశ్న కుక్క ఉన్న ప్రతి ఇంట్లోనూ వినిపించేదే. న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ దీనికి చక్కని పరీక్ష పెట్టారు. ఒక తినుబండారం పెట్టి తినవద్దని చెప్పి యజమాని గది బయటికి వెళ్తాడు. లోపల ఏం జరిగిందో పరిశోధకులు చెప్పిందే అతను నమ్మాలి. కొన్నిసార్లు కుక్క తినకపోయినా తిన్నదని చెప్పారు. 2009లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, ఆ దోషి మొహం కుక్క తిన్నదా లేదా అన్నదాని మీద ఆధారపడలేదు, యజమాని తిట్టాడా లేదా అన్నదాని మీదే ఆధారపడింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కలే ఎక్కువ దోషిగా కనిపించాయి.

"పొద్దున కొరికిన చెప్పుకు సాయంత్రం కొడితే, దాని లెక్కలో చెప్పుకూ దెబ్బకూ సంబంధం లేదు," అన్నారు డాక్టరమ్మ. "మీరు ఇంటికి రావడానికీ దెబ్బకూ సంబంధం ఉంది. పిలిస్తే రాదని కుక్కల యజమానులు చెప్పే ఫిర్యాదుకు సగం కారణం ఇదే. పార్కులో పదిసార్లు పిలుస్తారు, పదకొండోసారి వస్తుంది, రాగానే ఒక్కటి వేస్తారు. వచ్చినందుకు పడిన దెబ్బ అది. రేపెందుకు వస్తుంది?"

"అది మాత్రం ఒప్పుకుంటా. పిలిచి కొట్టినవాడికి మా దగ్గర మెమో ఇచ్చేవాళ్ళు."

హెడ్డుగారి దగ్గర అంతకంటే బరువైన వాదన ఒకటి ఉంది. ఇప్పుడది బయటికి తీశారు. "2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఏం జరిగింది? పార్సిల్ ఇవ్వడానికి వెళ్ళిన కుర్రాడు. తలుపు తీశారు, జర్మన్ షెపర్డ్ ఒక్క ఊపున మీదికొచ్చింది. భయపడి పారిపోతూ మూడో అంతస్తు మీంచి పడిపోయాడు, ప్రాణం పోయింది. ఇదీ మూడో అంతస్తే, డాక్టరమ్మా. ఆ క్షణంలో శనగగింజంత చికెన్ ఏం చేస్తుంది?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. డాక్టరమ్మ నెమ్మదిగా అన్నారు: "ఏమీ చెయ్యదు. మీ చోక్ చైన్ కూడా ఏమీ చెయ్యదు, ఇంట్లో తిరిగే కుక్క మెడలో అది ఉండదు కాబట్టి. తలుపు తీసేముందు కుక్కను లోపలి గదిలో పెట్టడం, గుమ్మానికి చిన్న గేటు, లిఫ్టులోనూ మెట్ల మీదా పొట్టి బెల్టు, ఇవి శిక్షణ కంటే ముందు. ఆ తర్వాత బెల్లు మోగితే తన చాప మీదికి వెళ్ళి కూర్చోవడం నేర్పాలి. అది కూడా రోజూ, నిజం బెల్లు మోగించి, నిజం మనిషిని గుమ్మంలో నిలబెట్టి. ఇంకొకటి. అది గుర్రుమన్న ప్రతిసారీ మీరు గుంజి గుర్రు మాన్పిస్తే, భయం పోదు, గుర్రు మాత్రమే పోతుంది. రేపు ముందు హెచ్చరిక లేకుండా కరుస్తుంది. నాకు గుర్రుమనే కుక్కే నయం."

ఈ జవాబులో ఒక్క ముక్క హెడ్డుగారికి బాగా నచ్చింది. నిజం బెల్లు, నిజం మనిషి. శిక్షణలో తాను విన్న ఒక యుద్ధం కథ చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యం, నడుముకు పేలుడు మందు కట్టిన కుక్కలను శత్రు ట్యాంకుల కిందికి పంపాలనుకుంది. ఆగి ఉన్న ట్యాంకుల కింద తిండి పెట్టి నేర్పింది. యుద్ధరంగంలో ట్యాంకులు కదులుతున్నాయి, తుపాకులు మోగుతున్నాయి. చాలా కుక్కలు బెదిరిపోయి సొంత సైనికుల కందకాల్లోకే పరిగెత్తుకొచ్చాయి. "ఘోరమైన పనే, కాదనను. కానీ పాఠం చూడండి. మనం ఏం నేర్పామనుకున్నామో అది రాదు. ఎక్కడ ఎలా నేర్పామో అదే వస్తుంది. హాల్లో ఫ్యాన్ కింద కూర్చునే కుక్కకి సెల్లార్‌లో కార్ల మధ్య కూర్చోవడం రాదు. మేం ఉండు నేర్పేటప్పుడు ముందు రెండడుగుల దూరం, తర్వాత పది, తర్వాత గోడ చాటుకు. ముందు అయిదు సెకన్లు, తర్వాత నిమిషం. ముందు ఖాళీ మైదానం, తర్వాత బస్‌స్టాండు."

"ఒకేసారి మూడూ పెంచకూడదు," అన్నారు డాక్టరమ్మ.

"ఎప్పుడూ! దూరం పెంచిన రోజు సమయం తగ్గించాలి. తప్పు చేసిందా, ఒక మెట్టు కిందికి దిగాలి."

"మా వాళ్ళూ అచ్చం ఇదే చెబుతారు."

ఒప్పందం కుదిరే సూచన చూసి సింబా యజమాని గొంతు సవరించుకున్నాడు. తమ కుక్కకి అసలు వయసు దాటిపోయిందేమోనని ఆయన అనుమానం. ఆర్నెల్లు నిండేదాకా ఏమీ నేర్పొద్దని ఎవరో చెప్పారట.

గొలుసు గుంజే రోజుల్లో ఆ మాటకు అర్థముంది, పసిమెడ ఆ గుంజుడుకు తట్టుకోదు కాబట్టి. 1982లో కాలిఫోర్నియాలో ఇయాన్ డన్బార్ కుక్కపిల్లలకు గొలుసు లేకుండా తరగతులు పెట్టాక ఆ లెక్క మారింది. అంతకుముందే, 1965లో, స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు కుక్కపిల్ల లోకాన్ని పరిచయం చేసుకునే కాలం మూడో వారం నుంచి సుమారు మూడు నెలల లోపేనని రాశారు. మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంటే ఇంటికి వచ్చేసరికే సగం కాలం గడిచిపోతుంది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా రోడ్డు మీద దించకూడదన్నదీ నిజమే. అందుకే డాక్టరమ్మ తన దగ్గరికి వచ్చేవాళ్ళకు పిల్లను ఎత్తుకుని తిప్పమని చెబుతారు. ఆటో చప్పుడు, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గడ్డం తాతయ్య, అన్నీ చంకలోంచే చూడాలి.

"ఎనిమిది నెలలకి పోయిందేం లేదు," అని ఆవిడ యజమానికి ధైర్యం చెప్పారు. "అలవాటైన తప్పు ఉంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ రోజులు పడుతుంది, అంతే. చేజర్ అనే బోర్డర్ కోలీకి దాని యజమాని జాన్ పిల్లే మూడేళ్ళలో 1,022 బొమ్మల పేర్లు నేర్పాడు. మీకు కావాల్సింది ఆరు మాటలు."

"బోర్డర్ కోలీ మాట వేరు," అన్నారు హెడ్డుగారు. "కుక్కల తెలివి మీద స్టాన్లీ కోరెన్ 1994లో వేసిన పట్టికలో దానిది ఒకటో స్థానం. లాబ్రడార్ ఏడో స్థానం, పర్వాలేదు. బీగిల్‌ని తెచ్చి ఇవ్వండి, ముక్కు నేలకానిస్తే మీరు పెట్టే ముక్క కూడా దానికి గుర్తుండదు."

"ఆ పట్టిక తెలివికి కాదు, మన మాట వినే వేగానికి. అదీ చాలావరకు పోటీల జడ్జీల అభిప్రాయాల మీద తయారైంది. కానీ పుట్టుబుద్ధి సంగతి మీరన్నది నిజం. బ్రెలాండ్ దంపతులే 1961లో ఒప్పుకున్నారు. రకూన్‌కి రెండు నాణేలు డబ్బాలో వేయడం నేర్పితే, కొన్నాళ్ళకి తిండి సంగతి మరిచి నాణేలు రెండూ రుద్దుతూ కూర్చుందట. బీగిల్‌కి వాసన చూడనివ్వడమే బహుమానంగా ఇవ్వాలి. అసలు జాతికుక్కను కొనే పనే లేదు. మన వీధికుక్కల మీద కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర బృందం పరీక్షలు చేసింది. ఎవరూ ఏమీ నేర్పని 160 కుక్కలు. దాదాపు సగం దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో పదింట ఎనిమిది, మనిషి వేలు చూపిన గిన్నె దగ్గరికే వెళ్ళాయి."

వీధికుక్కల్ని తక్కువ చేయనని హెడ్డుగారు అన్నారు. తక్కువ చేయాల్సింది ఇంట్లో మనుషుల్నేనట. ఆ మాటతో ఆయన యజమాని వైపు తిరిగారు. "మీ ఇంట్లో ఎంతమంది? అయిదుగురు. మీరు సిట్ అంటారు, మేడం కూర్చోరా అంటారు, పాప సిట్ డౌన్ అంటుంది. పడుకోమనడానికీ డౌన్ అనే అంటుంది. అమ్మగారు ఏమీ అనరు, కంచంలోంచి ఇడ్లీ విసురుతారు. మీద పడితే మీరు తిడతారు, బాబు ముద్దు పెట్టుకుంటాడు. మా దగ్గర ఒక కుక్క, ఒక హ్యాండ్లర్, ఒక మాట. అందుకే పని జరిగింది. డాక్టరమ్మా, మీ పద్ధతితో నాకు అసలు గొడవ ఇదే. గొలుసైతే ఎంత బద్ధకస్తుడి చేతిలోనైనా కొంత పని చేస్తుంది. మీదానికి రోజూ శ్రద్ధ కావాలి. వీళ్ళకి అదెక్కడుంది?"

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించారు. "గొలుసు బద్ధకస్తుడి చేతిలో పని చెయ్యదండీ, గాయం చేస్తుంది. శ్రద్ధ మాటకొస్తే మాత్రం నాకు జవాబు లేదు. రోజుకి మూడుసార్లు, మూడేసి నిమిషాలు చాలంటాను. రెండో వారం వచ్చి రెండుసార్లే కుదిరిందంటారు, రోజుకి కాదు, వారానికి."

చట్టం ప్రస్తావన కూడా వచ్చింది, ఎక్కువసేపు నిలవలేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం పెంపుడు జంతువును కొట్టడం నేరమే. మొదటి తప్పుకు ఆ చట్టం రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. కుక్కలను లిఫ్టు ఎక్కనివ్వకుండా అసోసియేషన్లు నిషేధించలేవని జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి, సింబా లిఫ్టులోనే మర్యాద నేర్చుకోక తప్పదు.

మర్యాద ఎలా నేర్పాలో చివరికి ఇద్దరూ కాగితం మీద పెట్టారు. మీదికి ఎగిరితే ఎవరూ చేత్తో తోయకూడదు, తిట్టకూడదు, మొహం తిప్పేసుకుని నిలబడాలి. నాలుగు కాళ్ళూ నేల మీదున్నప్పుడే పలకరింపు. ఇంటిల్లిపాదికీ ఒకటే మాట, ఫ్రిజ్ మీద రాసి అంటించాలి. రోజు తిండిలో కొంత తగ్గించి ఆ మేరకే శిక్షణలో ముక్కలు పెట్టాలి, లేకపోతే లాబ్రడార్ ఇట్టే లావెక్కుతుంది. ఉడికిన చికెన్, గుడ్డు, పనీర్, క్యారెట్ పర్వాలేదు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడదు. సాంబారన్నం మానేయాలి. పిలిస్తే రావడం నేర్పడానికి 10 మీటర్ల నూలుతాడు ఛాతీ హార్నెస్‌కే కట్టాలి. ఆ తాడు దగ్గర మళ్ళీ కాస్త గొడవైంది. రాకపోతే గుంజడానికన్నారు హెడ్డుగారు. పారిపోకుండా ఉండడానికి మాత్రమేనన్నారు డాక్టరమ్మ. రాకపోతే తాడు పట్టుకుని దగ్గరికి నడిచి వెళ్ళాలని, గుంజకూడదని రాసుకున్నారు. ప్రతి పూటా ఎవరు నేర్పారో, ఎన్నిసార్లు విన్నదో నోటుపుస్తకంలో ఎక్కించాలన్నది హెడ్డుగారి షరతు. స్క్వాడ్‌లో అలాగే రాసేవారట.

చోక్ చైన్ సంగతి మాత్రం తేలలేదు. నాలుగు వారాలు దాన్ని పక్కన పెడతాననీ, అప్పుడు లిఫ్టులో పరీక్ష పెడతాననీ హెడ్డుగారు అన్నారు. లిఫ్టు తలుపు తెరుచుకోవాలి, ఎదురుగా తన మనవడు బిస్కెట్ తింటూ నిలబడాలి, సింబా కూర్చున్నచోటే ఉండాలి. కదిలితే తన పద్ధతి మొదలు.

"సరే. కానీ ఆ రోజు నా జేబులో ముక్కలుంటాయి," అన్నారు డాక్టరమ్మ.

"కుదరదు. ఉత్త జేబుతో రావాలి."

"మీ కుక్క సూట్‌కేసు పక్కన కూర్చున్నప్పుడు మీ జేబులో బంతి లేదా?"

హెడ్డుగారు చైన్ చుట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. "ఉండేది. దానికి కనపడేది కాదు."

"నాదీ కనపడదు."

"వాసన?" అన్నారాయన. "బంతికి చికెన్ వాసన రాదమ్మా."

"అయితే బంతే తెస్తాను," అన్నారు డాక్టరమ్మ.